మూడు బండల వరుస

నవంబరు ఇరవై ఒకటిన సముద్రం మా మునిసిపల్ ఆఫీసు నేలమాళిగలోకి వచ్చింది. మూడు గంటలు ఉండి, ఒక తెగిన వల ముక్కను మెట్ల మీద వదిలి వెళ్ళిపోయింది. నీళ్ళు తోడాక చూస్తే సర్వర్ ఉన్న ఇనుప అర నడుము దాకా ఉప్పునీటిలో నానిపోయి ఉంది. దాని పక్కనే టేపుల డ్రైవ్, ఏ టేపులో ఏముందో రాసుకునే రిజిస్టరు. అన్నీ పోయాయి.

పోయినవాటిలో చాలావాటికి రాజధాని టోర్స్‌హావ్న్‌లో నకళ్ళు ఉన్నాయి. పెళ్ళిళ్ళు, పుట్టుకలు, మా బడి పిల్లల మార్కులు, ఏవీ నిజంగా పోలేదు. ఒక్కదానికే అక్కడ నకలు లేదు. అది నా భార్య బిరిటా పోగుచేసిన పేర్ల పట్టిక.

మా ఫారో దీవుల్లో ప్రతి బండకూ, ప్రతి చీలికకూ పేరుంటుంది. మా ఊరి చుట్టూ ఉన్న పేర్లను బిరిటా పంతొమ్మిదేళ్ళు అడిగి రాసుకుంది. పదమూడు వందల నలభై పేర్లు. ప్రతి పేరు పక్కన చెప్పినవారి పేరు, చెప్పిన రోజు, ఎందుకా పేరు వచ్చిందో ఒకటి రెండు వాక్యాలు. చెప్పిన ముప్ఫై ఒక్కమందిలో ఇప్పుడు నలుగురు బతికి ఉన్నారు. ఆమె ఆ ఆఫీసులో గుమాస్తా కాబట్టి పట్టిక అక్కడి సర్వర్‌లోనే ఉండేది. కాగితాలేవీ అని అడిగితే, టైపు చేశాక వాటితో పొయ్యి రాజేశానని చెప్పేది. "రెండు చోట్ల ఉంటే రెండూ తప్పులే అవుతాయి, హానుస్" అనేది.

ఆ ఏడు మార్చిలో బిరిటా పోయింది. పట్టికను పుస్తకంగా వేయిస్తానని ఆమెకు మాట ఇచ్చాను. ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్ళి తెరిచాను. రెండు చోట్ల కామాలు సరిచేయబోయి, ఏదీ మార్చకుండానే మూసేశాను. నకలు తీసుకోలేదు.

మిగిలినవి ఆఫీసు వారం వారం సర్వర్ నకళ్ళు ఎక్కించుకునే టేపులు. వాటిని ఊరి మీద గుట్టపైన ఉన్న చర్చిలో, నిప్పు అంటని పెట్టెలో ఉంచుతారు. అక్కడికి ఏ సముద్రమూ రాదు. పద్నాలుగు టేపులు. కొత్త సర్వర్ జనవరి మూడో వారంలో వచ్చింది. దాన్ని అమర్చడానికి పక్క దీవి నుంచి ఎయ్దున్ వచ్చాడు. ఇరవై ఏళ్ళ కిందట నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు ఆరు ఊళ్ళ కంప్యూటర్లు వాడి చేతిలో ఉన్నాయి.

"టేపులు బాగానే ఉన్నాయి మాస్టారూ. చిక్కు వేరే" అన్నాడు వాడు, బూట్లు గడప దగ్గర విడిచి, ఉన్ని మేజోళ్ళతో కుర్చీలో కూలబడి. "పాత సిస్టం రిజిస్టరు నీళ్ళపాలైంది కదా. కొత్తదానికి ఈ టేపులెవరో తెలియదు. ఒక్కొక్కదాన్నీ లోపల పెట్టి, మొదటి నుంచి చివరి దాకా తిప్పి, లోపల ఏముందో దాని జాబితాలో రాయించాలి. జాబితాకెక్కనిదాన్ని తియ్యమంటే అది తియ్యదు."

"అంటే వంద పుస్తకాలున్న గదిలో దీపం లేనట్టు."

"మీరు మళ్ళీ పోలికలు మొదలుపెట్టారు. పరీక్షలో మీ పోలికలు రాసే నాకు మార్కులు పోయాయి."

"నువ్వు వాటిని తప్పుగా రాసినందుకు పోయాయిరా."

నవ్వాడు. తరువాత అసలు కష్టం చెప్పాడు. ఆ పాత రకం టేపులను చదివే డ్రైవ్ ఉత్తరపు దీవిలో ఒక చేపల ఫ్యాక్టరీలో మాత్రమే ఉంది. వాళ్ళు రెండు రోజులకు ఇచ్చారు. గురువారం సాయంత్రం ఐదింటి పడవకు తిరిగి వెళ్ళాలి. ఒక టేపు జాబితాకెక్కడానికి నాలుగు గంటలు పడుతుంది. ఆఫీసు సాయంత్రం మూసేస్తారు కాబట్టి ఉన్న సమయంలో మూడు, మహా అయితే నాలుగు.

బిరిటా ఫోల్డరు పోయిన ఏడాది జనవరి తరువాత మారలేదు. కాబట్టి అది వారం వారం తీసే చిన్న నకళ్ళలో ఉండదు. ఏడాదికి ఒకసారి, జనవరి రెండో శుక్రవారం తీసే పూర్తి నకలులోనే ఉంటుంది. ఆ నకలు మూడు టేపులు పడుతుంది. పద్నాలుగింటిలో ఆ మూడేవి?

టేపుల మీద అంకెలు లేవు. అంకెల చీటీలు ఎప్పుడో అయిపోతే బిరిటా తన చేతిరాతతో పేర్లు పెట్టింది. పదకొండు టేపుల మీద పొలాల పేర్లు. మూడింటి మీద సముద్రంలోని బండల పేర్లు: నల్ల పీట, మూగ దూడ, పాస్టరు టోపీ.

"ఇవే" అన్నాను.

బిరిటా ఉద్యోగంలోకి వచ్చిన మాలన్ ఆ మూడింటినీ చేతిలో పట్టుకుని చూసింది. ఆమె దక్షిణపు దీవి మనిషి. "మీ ఊళ్ళో మనుషుల కన్నా రాళ్ళకే ఎక్కువ మర్యాద. నాకు వచ్చి పది నెలలైంది, నన్నింకా 'ఆ దక్షిణాది ఆవిడ' అనే పిలుస్తారు."

"అదే నీ పేరు" అన్నాడు ఎయ్దున్. "స్థిరపడిపోయింది. పట్టికలో ఎక్కించేస్తారు."

"ఎక్కించండి. ఏ రాయి కిందో."

ఎయ్దున్ బుధవారం ఉదయం డ్రైవ్ తగిలించి, ఒక కాగితం మీద నేను చేయవలసినవి రాసిచ్చి, తన ఊరికి వెళ్ళాడు. అక్కడ ఆసుపత్రిలో ఏదో పాడైంది. బడికి సెలవు పెట్టాను. కాగితం మీద ఆరు పంక్తులు ఉన్నాయి. ఐదోది: మూడు టేపులనూ వరుస తప్పకుండా పెట్టాలి. ఆరోది: జాబితా పూర్తయ్యాక ఏదీ ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయండి.

మొదటిది నల్ల పీట. దానికి అనుమానం లేదు, రేవు దాటగానే కనిపించే బండ అదే. ఎనిమిదికి పెట్టాను. డ్రైవ్ చిన్నగా మూలిగి తిరగడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద ఫైళ్ళ పేర్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరుతున్నాయి. నీటి గొట్టాల పటాలు, సభల నివేదికలు, పదేళ్ళ కిందటి గొర్రెల లెక్కలు. నేను కుర్చీ లాక్కుని చూస్తూ కూర్చున్నాను. మాలన్ కాఫీ, పుల్లని రేవల్చినీ కాడల జాము రాసిన రొట్టె తెచ్చిపెట్టింది.

"అలా రెప్పవేయకుండా చూస్తే త్వరగా అవుతుందా?"

"పరీక్ష గదిలో అలవాటు."

"అది కాపీ కొట్టదులెండి, తినండి."

పన్నెండుకు మొదటిది అయింది. రెండోది ఏది అని ఎవరైనా అడిగి ఉంటే నిద్రలోనైనా చెప్పేవాణ్ణి. రేవు నుంచి పడవ ఉత్తరానికి తిరిగితే నల్ల పీట, మూగ దూడ, ఆ తరువాత పాస్టరు టోపీ. ఏడేళ్ళప్పుడు మా నాన్న పడవ ముందు కూర్చోబెట్టి నేర్పిన వరుస. మూగ దూడను పెట్టాను.

మూడు గంటలకు స్క్రీన్ మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. మూడింటి పనికి ఖాళీ టేపు దొరకలేదని. మాలన్ వంగి 'సరే' నొక్కేసింది.

"ఏమిటది?"

"రోజూ ఇంతే. సోమవారం ఎయ్దున్ కొత్త బ్యాకప్ పని పెట్టి వెళ్ళాడు. మూడింటికి లేస్తుంది, టేపు కావాలంటుంది, లేదంటే మళ్ళీ పడుకుంటుంది. మా అత్తగారి లాగా."

నాలుగింటికి మూగ దూడ చివరిదాకా తిరిగింది. స్క్రీన్ ఇలా చెప్పింది: ఇది మూడో భాగం. రెండో భాగం ముందు కావాలి. చదివినదేదీ చేర్చలేదు.

నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. నాలుగు గంటలు పోయాయి.

వరుస ఎందుకు తప్పిందో కిటికీలోంచి సముద్రం వైపు చూశాక తెలిసింది. బిరిటా ఎప్పుడూ పడవ ఎక్కేది కాదు. ఎక్కితే వాంతులు. పేర్లన్నీ ఆమె ఒడ్డు వెంట నడిచి పోగుచేసింది. గొర్రెల దారిలో నడుస్తూ చూస్తే నల్ల పీట తరువాత కొండ మలుపు వస్తుంది. మలుపు తిరగగానే పాస్టరు టోపీ కనిపిస్తుంది. మూగ దూడ దాని వెనుక దాగి ఉంటుంది, చివరికి గానీ బయటపడదు. ఆమె వరుస ఆమె కాళ్ళ వరుస. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసినవాడికి తెలిసి ఉండవలసిన సంగతి.

గురువారం ఉదయం ఏడుకు ఆఫీసు తెరిపించాను. పాస్టరు టోపీ పెట్టాను. ఏడు, నాలుగు కలిపితే పదకొండు. పదకొండు, నాలుగు కలిపితే మూడు. ఐదింటికి పడవ. ఫ్యాక్టరీ మనిషి నాలుగున్నరకు డ్రైవ్ కోసం వస్తాడు. ఇంకొక్క తప్పుకు కూడా చోటు లేదు. ఆ ఉదయం గాలి బాగా వీచింది. దీపాలు రెండుసార్లు మినుకుమన్నాయి. రెండుసార్లూ నేను లేచి నిలబడ్డాను.

పదకొండుకు ఐదు నిమిషాల ముందు రెండో భాగం చేరింది. జాబితాలో మొదటి రెండు టేపుల పేర్ల పక్కన పసుపు చుక్కలు. మూగ దూడను మళ్ళీ పెట్టాను.

ఒంటిగంట దాటాక పేర్ల వరుసలో ఉద్యోగుల ఫోల్డర్లు రావడం మొదలైంది. అక్షర క్రమంలో కాదు, ఎవరిది ఎప్పుడు రాయబడితే అప్పుడు. రెండుంబావుకు 'బిరిటా' అని వచ్చింది. కింద పది పన్నెండు ఫైళ్ళు. వాటిలో ఒకటి 'పేర్లు'. తేదీ జనవరి తొమ్మిది. దాని పరిమాణం కూడా రాసి ఉంది. వేలితో స్క్రీన్ మీద ఆ పంక్తిని తాకాను.

"ఉందా?" అంది మాలన్ వెనుక నుంచి.

"ఉంది."

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది.

మూడింటికి పది నిమిషాలు ఉందనగా జాబితా పూర్తయింది. మూడు పసుపు చుక్కలూ ఒక్కసారి ఆకుపచ్చగా మారాయి. నాకు ఊపిరి వచ్చింది. ఆరో పంక్తి ప్రకారం ఏదీ ముట్టుకోకుండా ఎయ్దున్‌కు ఫోన్ చేశాను. రెండుసార్లు తియ్యలేదు. మూడోసారి తీశాడు.

"దొరికిందిరా. మూడోదాంట్లో ఉంది. టేపు లోపలే ఉంది."

"మాస్టారూ! అయితే ఐదు నిమిషాల పని. ఎక్కడుందో తెలిశాక తియ్యడం ఎంతసేపు. ఉండండి, నేను ఇక్కడి నుంచే..." ఆగాడు. "చుక్కలు పసుపేనా?"

"ఇందాకటి దాకా పసుపు. ఇప్పుడు మూడూ ఆకుపచ్చ."

ఫోన్‌లో వాడి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"మంచిదే కదా?"

"టేపు పక్కన చిన్న మీట ఉంటుంది. పెట్టేటప్పుడు ఎర్రగా కనిపించిందా?"

"నేను చూడలేదు."

"మాలన్ ఉందా అక్కడ? అడగండి. ఎర్రగా ఉందా?"

మాలన్ ముఖం మారిపోయింది. "అవి తాళాలు కదా. నేను తీసేశాను. సోమవారం. టేపులు పెట్టే ముందు తాళం తియ్యాలి, లేకపోతే రాయదు. ప్రతి శుక్రవారం అలాగే చేస్తాను. అన్నింటికీ తీశాను."

ఎయ్దున్ విన్నాడు. ఇప్పుడు వాడి గొంతు వేగంగా, మెల్లగా ఉంది. "వినండి. పూర్తి నకలుకు ఏడాది గడువు పెట్టాను. మునిసిపాలిటీ నియమం. మూడు భాగాలూ చేరేదాకా దాన్ని ఒక నకలుగా లెక్కించదు, గడువూ లెక్కించదు. ఇప్పుడు మూడూ చేరాయి. తేదీ చూసింది. ఏడాది దాటి రెండు వారాలైంది. ఆకుపచ్చ అంటే ఖాళీ. మళ్ళీ రాసుకోవచ్చని."

"ఎవరు రాసుకుంటారు?"

"మూడింటి పని."

గోడ గడియారం మూడుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"బయటికి తీసేయండి. బటన్ నొక్కండి."

నొక్కాను. డ్రైవ్ మూలిగింది. "రావడం లేదు. తిరుగుతోంది."

"చివరి నుంచి వెనక్కి చుట్టుకుంటోంది. చుట్టడం అయ్యేదాకా ఇవ్వదు. రెండు మూడు నిమిషాలు. నేను ఇక్కడి నుంచి ఆ పనిని ఆపుతాను. లైను నత్తలా ఉంది. ఉండండి. ఉండండి."

వాడు కీలు కొట్టడం వినిపిస్తోంది. మాలన్ స్క్రీన్ మీద ఏదో వెతుకుతోంది, ఆమెకు పనులను ఆపే గడి తెరిచే అనుమతి లేదు. నేను బటన్ మీద వేలు ఉంచి నిలబడ్డాను. గడియారం వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. రెండు నిమిషాలు తక్కువ. డ్రైవ్ ఇంకా చుడుతోంది.

"ఎయ్దున్, కరెంటు తీసేస్తాను."

"వద్దు! తిరిగేటప్పుడు తీస్తే టేపు తెగొచ్చు. తెగితే అతికించేవాడు లేడు. ఒక్క నిమిషం. గడి తెరుచుకుంది. మాస్టారూ, దాదాపు..."

మూలుగు ఆగింది. టేపు బయటికి వస్తుందని నేను చెయ్యి చాపాను. రాలేదు. డ్రైవ్ మీద ఆకుపచ్చ దీపం ఆరి నారింజ రంగుది వెలిగింది. శబ్దం మారింది, చదివేటప్పటి కన్నా బరువుగా ఉంది.

"రాస్తోంది" అంది మాలన్.

"ఆపు నొక్కాను, వినిపించుకోవడం లేదు" అన్నాడు ఎయ్దున్. "నొక్కాను, మళ్ళీ నొక్కాను."

నేను వంగి తీగ పట్టుకుని గోడ నుంచి లాగేశాను.

ఫోన్‌లో ఎయ్దున్ "ఏమైంది, ఏమైంది" అంటున్నాడు. మాలన్ కుర్చీలో కూర్చుని ఏడుస్తోంది. ఆమెతో నేను ఒక మాట అన్నాను. నిన్న వరుస తప్పింది నేను. నిన్నటి నాలుగు గంటలు పోకపోయి ఉంటే ఈ పని మధ్యాహ్నానికే అయిపోయేది, మూడింటిదాకా వచ్చేదే కాదు. అది ఓదార్పు కోసం అన్నది కాదు, జరిగింది అదే. ఆమె తల అడ్డంగా ఊపింది, ఒప్పుకోలేదు.

ఎయ్దున్ దీవుల మధ్య సముద్రం కింది సొరంగం దాటి నాలుగుంబావుకు వచ్చాడు. కోటు విప్పకుండానే డ్రైవ్ మూత తీశాడు. టేపు తెగలేదు. చేత్తో జాగ్రత్తగా బయటికి తీసి, మీటను జరిపి, ఎర్రగా కనిపించాక బల్ల మీద పెట్టాడు. నాలుగున్నరకు ఫ్యాక్టరీ మనిషి వచ్చి డ్రైవ్ తీసుకుని పడవకు వెళ్ళాడు.

"తీగ లాగమని నేను చెప్పలేదు" అన్నాడు ఎయ్దున్. "లాగకపోయి ఉంటే సాయంత్రానికి ఏమీ మిగిలేది కాదు."

"ఇప్పుడు ఏం మిగిలింది?"

వాడు నేను అర్థం చేసుకునేలా, తొందరపడకుండా చెప్పాడు. సుమారు తొమ్మిది సెకన్లు రాసింది. టేపు మొదట్లో ఉన్నది పోయింది. 'పేర్లు' చివరి సగంలో ఎక్కడో ఉంది, జాబితా ఆ చోటు కూడా చెబుతోంది. ఆ చోటును ఎవరూ తాకలేదు. కాని ఏ మామూలు డ్రైవ్ అయినా కొత్తగా రాసింది ముగిసిన చోట ఆగిపోతుంది. దాని తరువాత ఏమీ లేదని నమ్ముతుంది. ఆ హద్దు దాటించగల పనివాళ్ళు నార్వేలో ఉన్నారు. వాళ్ళకూ ప్రతిసారీ కుదరదు.

"నాకు గడువు సంగతి గుర్తుండాల్సింది మాస్టారూ."

"నీకు ఆరు ఊళ్ళు ఉన్నాయి."

"అలా అనకండి. బడిలో హోంవర్కు చెయ్యనప్పుడు కూడా ఇలాగే అనేవారు. తిడితే బాగుండేది."

తిట్టలేదు. నాకు అప్పుడు ఎవరి మీదా కోపం రాలేదు. తరువాత వచ్చింది, కొన్ని రోజులు ఉంది, పోయింది.

ఆ ఆదివారం నుంచి బల్ల దగ్గర కూర్చుని జ్ఞాపకం ఉన్న పేర్లు రాస్తున్నాను. నూట ఎనభై నాలుగు అయ్యాయి. ఎక్కువ పడమటి ఒడ్డువి, పడవలోంచి కనిపించేవి. తూర్పు వైపు కొండ చీలికల్లో బిరిటా ఒక్కతే తిరిగింది. అక్కడివి నాకు ఆరు తెలుసు. చెప్పినవారి పేర్లు, కారణాలు దాదాపు ఏవీ తెలియవు. బతికి ఉన్న నలుగురిలో ఇద్దరిని కలిశాను. ఒకరికి మా నాన్న పేరు మాత్రమే గుర్తుంది.

నార్వే వాళ్ళకు ఎయ్దున్ ఉత్తరం రాశాడు. ప్రయత్నిస్తామన్నారు, మాట ఇవ్వలేమన్నారు. ముందుగా ఒక ఫారం పంపారు. టేపులో ఉన్నది మునిసిపాలిటీదయితే వాళ్ళ సంతకం చాలు. ఎవరైనా వ్యక్తి సొంతంగా రాసుకున్నదయితే ఆ వ్యక్తి సంతకం కావాలి. ఆ వ్యక్తి లేకపోతే వారసులది, మరణం నమోదై వారసత్వం తేలినట్టు జిల్లా అధికారి ఇచ్చే పత్రంతో పాటు. ఆ పత్రం కోసం ఆమె పోయిన మార్చిలోనే నేను వెళ్ళవలసింది. రమ్మని వాళ్ళు మూడుసార్లు రాశారు. వెళితే బిరిటా లేదని నా చేత్తో రాసి సంతకం పెట్టాలి.

నేనింకా వెళ్ళలేదు. ఫారం పంపలేదు.